కారే అక్వేరియానికి పైపూత చాలదు

చేపల తొట్టి మూల నుంచి నీళ్లు కారుతుంటే, బయటి నుంచి కాస్త సిలికాన్ పూస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అది నిలవదు. ఆ పూతను లోపలి నీళ్లు అనుక్షణం బయటికే నెడుతుంటాయి. పైగా ఆరిన సిలికాన్‌కు కొత్తది గట్టిగా అతుక్కోదు. అమెరికా ఇళ్లలో తరచూ కనిపించే 55 గాలన్ల తొట్టిలో నీళ్లే 200 కిలోలకు పైన! కాబట్టి తొట్టి ఖాళీ చేసి, లోపలి అంచుల పూతనంతా బ్లేడుతో గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, అన్ని మూలలకూ ఒకేసారి కొత్తది పట్టించాలి. అద్దాల మధ్యనున్న అసలు అతుకు బాగుంటే దాని జోలికి పోకూడదు. బూజు మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ చేపలకు ప్రమాదం. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి.

కొత్తది కొంటే పోదా అంటే, 10 గాలన్ల తొట్టికి ఆ మాట నిజమే. పెద్దవాటికి లెక్క మారుతుంది. అయితే స్టాండు ఏమాత్రం ఒరిగినా అతుకులపై భారం పడి మరమ్మతు వృథా. చెక్క నేలైతే గోడవారగా, దూలాలకు అడ్డంగా పెట్టడం మేలు. ఇక తొట్టిని మళ్లీ నింపేటప్పుడు, క్లోరిన్ పోయేందుకు నీళ్లను రాత్రంతా బకెట్లో నిలవ ఉంచే మన పద్ధతి అమెరికాలో చాలాచోట్ల పనిచేయదు. శాన్‌ఫ్రాన్సిస్కో నీటి సరఫరా 2004లోనే క్లోరిన్ బదులు క్లోరమిన్‌కు మారింది, అది క్లోరిన్‌లా తేలిగ్గా ఎగిరిపోదు. దాన్ని విరిచే నీటి కండిషనర్ కలపాల్సిందే. ఆపైన ఫిల్టర్ నడుపుతూ, కొద్దిగా అమ్మోనియా వేస్తూ, దాన్ని హరించే మేలుచేసే బాక్టీరియా పెరిగేదాకా కొన్ని వారాలు ఆగాలి. నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలను వదలాలి.