మెనూలో అక్షరాలు ఎందుకు మాయమవుతాయి?

వెనకున్న బొమ్మ లీలగా కనిపించేలా తయారుచేసిన ప్రోగ్రామ్‌లో మౌస్ కుడి బటన్ నొక్కుతాం. మెనూ వస్తుంది, కానీ నల్లటి దిమ్మలా. లేదంటే పెట్టె వస్తుంది గానీ, అక్షరాలు ఉండాల్సిన చోట వాల్‌పేపర్ కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పోయిందనుకుని డ్రైవర్ మళ్లీ వేయించేవాళ్లూ ఉంటారు. నిజానికి చాలాసార్లు తప్పంతా ఒక్క బైటుదే.

తెర మీది ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే మూడు బైట్లుంటాయి. పారదర్శక విండోలో నాలుగోది చేరుతుంది. దాని పేరు ఆల్ఫా. అది 255 అయితే వెనకున్నదేదీ కనపడదు, 0 అయితే వెనకున్నదంతా కనపడుతుంది. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ చేసిన ఆలోచన ఇది. 1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ దీనికి పక్కా గణిత సూత్రాలు రాశారు. ఇవాళ్టికీ మన తెరల మీద నడుస్తున్నది ఆ లెక్కే: ఆల్ఫా ఎంత తక్కువైతే, పై పిక్సెల్ రంగుకు వెనక రంగు అంత ఎక్కువ కలుస్తుంది. అయితే పై రంగును ముందే ఆల్ఫాతో గుణించి ఉంచాలి. సగం పారదర్శకమైన ఎరుపును 255 అని కాక 128 అని రాయాలి. ఆ గుణకారం మరిచిపోతే మెనూ అంచులు అక్కర్లేని వెలుగుతో మెరుస్తాయి.

ఇక అక్షరాల సంగతి. 1985లో విండోస్‌తోపాటే పుట్టిన జీడీఐ అనే గీసే యంత్రాంగానికి ఆల్ఫా గొడవ దాదాపు తెలియదు. అది అక్షరం రాసిన చోట నాలుగో బైటు 0 అయిపోతుంది. మామూలు విండోలో ఆ బైటును ఎవరూ చూడరు కాబట్టి ఏళ్ల తరబడి ఇబ్బంది రాలేదు. 2007లో విండోస్ విస్టా గాజు అంచులతో వచ్చాక గుట్టు బయటపడింది. నల్ల అక్షరం తీసుకోండి. మూడు రంగులూ 0, ఆల్ఫా కూడా 0. లెక్క వేస్తే సున్నాకు వెనక రంగు మొత్తం కలుస్తుంది, అంటే అక్షరం ఆకారంలో చిల్లు పడుతుంది. తెల్ల అక్షరానికి మాత్రం 255కు ఏది కలిపినా 255 దగ్గరే ఆగుతుంది. అందుకే అది నిక్షేపంగా కనిపిస్తుంది. రోగ నిర్ధారణకు ఇంతకన్నా తేలిక దారి లేదు: అక్షరాల చోట వాల్‌పేపర్ కనిపిస్తుంటే, మెనూ అక్షరాల రంగు నలుపు నుంచి తెలుపుకు మార్చి చూడండి. అక్షరాలు తిరిగొస్తే దోషం ఆల్ఫాదే. మెనూ గీయడం అయ్యాక ఆ భాగమంతటా ఆల్ఫాను 255 చేస్తే సరిపోతుంది. ఈ పనికోసమే విస్టాలో బఫర్డ్‌పెయింట్‌సెట్‌ఆల్ఫా అనే ఫంక్షన్ ఇచ్చారు.

మరి మెనూకే ఎందుకీ బాధ? చూడ్డానికి విండోలో భాగంలా ఉన్నా, మెనూ నిజానికి వేరే విండో. నొక్కిన క్షణంలో పుడుతుంది, దాని పిక్సెళ్లు దానివే. క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసిన ప్రోగ్రాముల్లో ప్రధాన విండోకు ‘నేపథ్యం పారదర్శకం’ అని స్టైల్ షీట్‌లో రాస్తే, అది ఇంటిపేరులా మెనూకూ సంక్రమిస్తుంది. కానీ మెనూ విండోకు ఆల్ఫా లేదు. నేపథ్యం గీయరు, పారదర్శకతా రాదు, మొదట చెప్పిన నల్లటి దిమ్మే మిగులుతుంది. ఆ నియమాన్ని ప్రధాన విండో పేరుకే పరిమితం చేసి, మెనూకు విడిగా నిండు నేపథ్యం ఇవ్వాలి. మూలలు గుండ్రంగా కావాలంటే మెనూకు కూడా పారదర్శకత అడిగి, వ్యవస్థ వేసే చతురస్రపు నీడను ఆపాలి.

లైనక్స్‌లో ఎక్స్11 అనే విండో వ్యవస్థ వాడేవారికి మరో చిక్కు. విండోలను ఒకదానిపై ఒకటి కలిపి తెర మీదికి తెచ్చే కంపోజిటర్ నడవకపోతే ఆల్ఫాను పట్టించుకునేవారే ఉండరు, గుండ్రటి మూలల వెనక నల్లటి ముక్కలు తేలతాయి. కంపోజిటర్ ఉందో లేదో ముందే కనుక్కుని, లేకపోతే చదరపు మూలలే గీయడం ప్రోగ్రామర్ బాధ్యత.

నా మటుకు, విండో ఎంత పారదర్శకంగా ఉన్నా మెనూ నేపథ్యం నిండుగానే ఉండాలి. మెనూ ఉన్నది చదవడానికి. తెలుగు మెనూల్లో ఇది మరీ ముఖ్యం. చిన్న సైజులో వత్తులూ తలకట్లూ దాదాపు అంచు పిక్సెళ్లతోనే నిలబడతాయి, ఆల్ఫా లెక్క తప్పితే మొదట చెదిరేవి అవే. కాబట్టి పరీక్షించేటప్పుడు ‘ఫైల్’, ‘ఎడిట్’ అని ఇంగ్లిష్‌లో చూసి వదిలేయకుండా, ‘ముద్రించు’, ‘నిష్క్రమించు’ లాంటి వత్తులున్న మాటలతో తెల్లటి వాల్‌పేపర్ మీద, నల్లటి దాని మీద, రంగురంగుల ఫోటో మీద మెనూ తెరిచి చూడాలి.