నీళ్ల మీద కరెంటు సరే... పని ఎక్కడ?

గోదావరిఖని: రామగుండంలో కరెంటు అంటే బొగ్గు, పొగగొట్టం, బూడిద. ఇప్పుడు అదే చోట నీళ్ల మీద కూడా కరెంటు పుడుతోంది. ఎన్టీపీసీ రిజర్వాయరుపై 423 కోట్ల రూపాయలతో కట్టిన వంద మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం 2022 జులై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది.

500 ఎకరాల నీటిపై 40 బ్లాకులు. ఒక్కో బ్లాకులో 11,200 ప్యానెళ్లు. గాలికి కొట్టుకుపోకుండా రిజర్వాయరు అడుగున బరువులు వేసి మోకులతో కట్టారు. ట్రాన్స్‌ఫార్మర్లు సైతం తేలే దిమ్మెల మీదే ఉన్నాయి! దీనికి భూసేకరణ పేచీ లేదు. ఓపెన్‌కాస్టుల కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసిన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. కింద నీరుండటంతో ప్యానెళ్లు అంతగా వేడెక్కవు. వాటి నీడలో ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని అంచనా. రామగుండం ఎండలు ఎరిగినవారికి ఈ నీటి విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఏడాదికి 1.65 లక్షల టన్నుల బొగ్గు కూడా ఆదా అవుతుందంటున్నారు. కార్మిక వాడల్లో గుబులు పుట్టించే మాట ఇదే. అయితే సింగరేణి ఏటా తీసే బొగ్గు 7 కోట్ల టన్నుల దాకా ఉంది. అందులో ఇది ఏ మూలకు? పక్కనే 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉంది. దానికి తోడు మరో 1,600 మెగావాట్లు 2024 నాటికి వచ్చి చేరాయి. పొద్దుగూకితే ఇప్పటికీ బొగ్గే దిక్కు.

నిజానికి పనులు తగ్గింది సోలార్ వల్ల కాదు. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల ప్రాంతంలో ఉన్నారు. భూగర్భ గనులు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. ఓపెన్‌కాస్టుల్లోకి యంత్రాలొచ్చాయి.

సింగరేణి తానూ సోలార్ బాట పట్టింది. రామగుండం-3 ఏరియాలో 50 మెగావాట్ల కేంద్రం పెట్టింది. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గోతిలో నీటిని పగలు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి 500 మెగావాట్లు తీయాలన్న ప్రతిపాదన కూడా ఉంది. పెట్టుబడికి లోటు లేదు. కాని బొగ్గుబాయికి మూడు షిఫ్టులా మనుషులు కావాలి. ప్యానెళ్లకు బిగించేటప్పుడే నలుగురు కావాలి, ఆ తరువాత తుడవడానికి, కాపలాకు కొద్దిమంది చాలు. ఆ కొద్ది పనీ బయటి కాంట్రాక్టరు మనుషులకే పోతే ఖని పిల్లలకు మిగిలేదేమిటి?

ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక, అందుకు నిధి ఉండాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే నిర్దేశించింది. గని మూతపడే ఏడాది ముందే తెలుస్తుంది కనుక ఐటీఐల్లో ప్యానెళ్ల పని, బ్యాటరీల పని నేర్పడం అప్పటి నుంచే మొదలుపెట్టే వీలుంది.