మలుపులో ముడుచుకునే వెనక చక్రం

కాలిఫోర్నియాలో ఉంటున్న ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. 1950ల నాటి పోర్షే 356 స్పీడ్‌స్టర్‌కు ఫైబర్‌గ్లాస్ నకలు ఒకటి ఆయన ఊళ్లో అమ్మకానికి వచ్చిందట. చూస్తే అచ్చం అసలుదేనట. ‘నడిపితే కూడా అసలుదానిలాగే ఉంటుందా?’ అని ఆయన ప్రశ్న. జవాబు కావాలంటే కారు కింద దూరి వెనక చక్రాల ఇరుసు చూడాలి. నాకు మహా ఇష్టమైన యంత్రరహస్యం ఒకటి అక్కడుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. స్పీడ్‌స్టర్ 1954లో వచ్చింది. న్యూయార్క్ దిగుమతిదారు మ్యాక్స్ హాఫ్‌మన్ చవక కారు కావాలని పట్టుబట్టడంతో మూడు వేల డాలర్ల లోపు ధరకు అమ్మారు. పొట్టి అద్దం, పల్చటి గుడ్డ టాపు, అంతే హంగు. అప్పట్లో తయారైనవి నాలుగు వేల పైచిలుకు. ఇప్పుడు మంచిది ఒకటి కొనాలంటే లక్షల డాలర్లు కావాలి. నకలు చేసేవాళ్లు పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ తెచ్చి, పైబాడీ తీసేసి, నేల పలకలో సుమారు 30 సెంటీమీటర్లు కోసి మళ్లీ వెల్డింగ్ చేస్తారు. బీటిల్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 240 సెంటీమీటర్లు, పోర్షేలో 210 మరి. ఆపైన ఫైబర్‌గ్లాస్ బాడీ బిగిస్తారు. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. 1948లో ఆస్ట్రియాలోని గ్మూండ్‌లో ఫెర్రీ పోర్షే బృందం 356ను మొదలుపెట్టింది కూడా బీటిల్ భాగాలతోనే.

రెండింటికీ ఉమ్మడిగా వచ్చిన ఆస్తి స్వింగ్ యాక్సిల్. 1903లో ఎడ్మండ్ రుంప్లర్ పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. ఇరుసును రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను గేర్‌బాక్స్ దగ్గర కీలుతో కలిపారు. చక్రం వైపు కీలు లేదు. ఒక చక్రం గుంతలో పడితే రెండోది కదలదు. గతుకుల రోడ్డుకు ఇది వరమే. అయితే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఇరుసుతో పాటు వాలిపోతుంది.

ఇక అసలు సంగతి. మలుపు తిరిగేటప్పుడు రోడ్డు టైర్లను మలుపు లోపలి వైపుకు తోస్తుంది. బయటి వైపు టైరు నేలను తాకే చోటు నుంచి గేర్‌బాక్స్ పక్కనున్న కీలు దాకా ఒక గీత గీయండి. అది గోడకు ఆనించిన నిచ్చెనలా వాలుగా ఉంటుంది. నిచ్చెన కాలిని గోడ వైపు తోస్తే పై కొస గోడ మీద ఎగబాకుతుంది. ఇక్కడ ఎగబాకేది కారు వెనక భాగం. కీలు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో, చక్రానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రోడ్డు 300 కిలోల బరువంత బలంతో పక్కకు తోస్తే, కారును పైకెత్తే బలం 150 కిలోల బరువంత.

లోపలి చక్రం దగ్గర ఇదే లెక్క తిరగబడి కారును కిందికి లాగుతుంది. నెమ్మదిగా తిరిగితే ఆ రెండూ కొట్టేసుకుంటాయి. వేగం పెరిగే కొద్దీ బరువు బయటి చక్రం మీదికి పోతుంది, పైకెత్తే బలం గెలుస్తుంది. కారు లేవగానే బయటి చక్రం అడుగు భాగం లోపలికి ముడుచుకుంటుంది, టైరు అంచు మీద నిలబడుతుంది, ఉన్నట్టుండి పట్టు జారిపోతుంది. భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకు పోయి వెనక భాగం ఇంకా లేస్తుంది. వెనకున్న ఇంజను బరువు తోకను బయటికి విసురుతుంది.

ఇందులో నన్ను ముగ్ధుణ్ని చేసేది ఒకటుంది. టైరు పట్టు ఎంత బాగుంటే పైకెత్తే బలం అంత ఎక్కువ. ఆనాటి సన్నటి టైర్లు ముందే జారి డ్రైవర్‌ను హెచ్చరించేవి. నకలు కొన్నవాళ్లు అందం కోసమో, భద్రత అనుకునో వెడల్పాటి కొత్త టైర్లు వేయిస్తారు. అవి జారవు కాబట్టి కారును ఇంకా బలంగా ఎత్తుతాయి. బాగుచేశామనుకున్న మార్పే ప్రమాదాన్ని పెంచుతుంది.

ఇక్కడ పొరబడ్డ పెద్దలు చాలామంది. జనరల్ మోటార్స్ 1960 మోడల్ కోర్వెయిర్‌లో వెనక ఇంజను, స్వింగ్ యాక్సిల్ పెట్టి, ముందు టైర్లలో 15 పౌండ్లు, వెనక టైర్లలో 26 పౌండ్ల గాలి ఉంచితే చాలనుకుంది. నాలుగింటికీ సమానంగా గాలి కొట్టించడం జనానికి అలవాటని తెలియదా? వాహన భద్రత ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్ 1965లో తన పుస్తకం మొదటి అధ్యాయమంతా ఈ కారు మీదే రాశాడు. 1972లో ప్రభుత్వ నివేదిక మాత్రం సాటి కార్లకంటే ఇది అధ్వానం కాదని తేల్చింది. నా మటుకు నాడర్ పక్షమే. సాటి కార్లలోనూ అదే లోపం ఉండటం సమర్థన ఎలా అవుతుంది? మెర్సిడెస్ కీలును కిందికి దించింది. పోర్షే 356బి సూపర్ 90లో గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఒక పట్టీ స్ప్రింగు వేసి చక్రాలు ముడుచుకోకుండా ఆపింది. ఫోక్స్‌వ్యాగన్ అమెరికాకు పంపిన బీటిళ్లలో 1969 మోడల్ నుంచి ఒక్కో వైపు రెండేసి కీళ్లు పెట్టి ఈ జబ్బునే వదిలించింది.

కాబట్టి పాఠకుడికి నా జవాబు: 1969 మోడల్‌కి ముందటి బీటిల్ మీద కట్టిన నకలు నడకలో అసలుదానికి చాలా దగ్గర. ఆ తరవాతి దాని మీద కట్టింది మంచి కారు. నేనైతే రెండోదే కొంటాను. బాడీ తుప్పు పట్టదు, విడిభాగాలు చవగ్గా దొరుకుతాయి, వానలో వదిలేసినా గుండె ఆగదు. లోటు చెప్పాలంటే ఎయిర్‌బ్యాగులుండవు, గుద్దుకుంటే ఫైబర్‌గ్లాస్ పగిలిపోతుంది, మళ్లీ అమ్మితే పెట్టుబడి పెరిగి రాదు. నేల పలక వెల్డింగు ఎవరు చేశారన్నదే పెద్ద ప్రశ్న. కొనేముందు లిఫ్టు మీద ఎక్కించి ఆ అతుకు చూడండి.

మన దేశంలో ఇలా కట్టుకుందామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలు మార్చిన బండికి రిజిస్ట్రేషన్ దొరకదు. అమెరికా మాత్రం 2015 చట్టంతో చిన్న తయారీదారులకు ఏడాదికి 325 నకళ్ల దాకా వెసులుబాటు ఇచ్చింది. దాని తుది నిబంధనలు వెలువరించడానికి అధికారులకు 2022 దాకా పట్టడం మాత్రం అన్యాయం.