మట్టిబాట పందెపు కార్లు - వానిని తోలినవారు



నేడు నేను చెప్పబోవు విషయము వినగానే, మన పల్లెలకు దీనితో నేమి పని యని కొందరికి తోచవచ్చును. అమెరికా దేశమున మట్టిబాటలమీద పరుగెత్తు పందెపు కార్ల చరిత్ర నేటి ప్రసంగవిషయము. వానిని అచ్చట స్ప్రింట్ కార్లందురు. స్ప్రింటు అనగా ఊపిరి బిగబట్టి పరుగెత్తు కొద్దిదూరపు పరుగు. ఈ విషయమును నేను కోరి యెత్తుకొనలేదు. నా మేనల్లుడు నాచేత ఎత్తించినాడు.

వాడు మార్కాపురమున మోటారు సైకిళ్ళు బాగుచేయు పనివాడు. రెండేండ్లక్రిందట ఒక రాత్రి గిద్దలూరు పోవు బాటలో స్నేహితునితో పందెము వేసికొని, తలకు హెల్మెట్టు లేక బండి తోలి, మోరీగోడకు కొట్టుకొని పడెను. ప్రాణము దక్కినది. ఎడమకాలు మాత్రము నేటికిని చక్కగా వంగదు. మంచముపట్టియున్న నెలలలో వాడు సెల్‌ఫోనులో ఈ కార్ల పందెములు చూచుచుండెడివాడు. ఒకనాడు నన్ను పిలిచి, "మామా, వీండ్లు నాకంటే ఎంతో వేగంగా పోతావుండారు. బండి పల్టీలు కొట్టినా లేచి నడిచి వస్తావుండారు. నేను పడితే లేవలేకపోతిని. ఎందుకని?" అని యడిగెను. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు నేను తెలిసికొన్న చరిత్రయే యిది.

మన సీమలో తిరునాళ్ళకు బండలాగుడు పందెములు జరుగును గదా. ఎడ్లను పళ్ళనుబట్టి తరగతులుగా విభజింతురు. పాలపళ్ళ కోడెలను ఆరుపళ్ళ ఎడ్లతో పోటీకి నిలుపరు. నియమించిన కాలములో బండను ఎన్ని అడుగులు లాగినవో కొలిచి బహుమానమిత్తురు. అమెరికా పల్లెలలోను పందెము ఇట్లే తిరునాళ్ళనుండి పుట్టినది. పంటలు ఇంటికి చేరిన పిదప రైతులు పశువులను, ధాన్యమును, పనిముట్లను తెచ్చి ప్రదర్శించు సంతలు అచ్చట ప్రతి రాష్ట్రమునను జరుగును. ఆ మైదానములలో గుఱ్ఱపు పందెములకై కోడిగ్రుడ్డు ఆకారమున మట్టిబాటలు వేసియుండిరి. మోటారు కారు పుట్టగానే గుఱ్ఱము పరుగెత్తిన బాటమీదనే కారును పరుగెత్తింపవలెనని బుద్ధి పుట్టినది. 1896 సెప్టెంబరులో రోడ్ ఐలాండ్ రాష్ట్రపు సంతలో మైలు పొడవుగల గుఱ్ఱపు బాటమీద కార్ల పందెము జరిగినది. ఆనాడు గెలిచినది పెట్రోలు బండి కాదు, రైకర్ అనువారి విద్యుత్తు బండి. నేడు క్రొత్తగా వచ్చినవనుకొను విద్యుత్తు కార్లు ఆనాటికే పందెము గెలిచినవని తెలిసి నేను ఆశ్చర్యపడితిని.

1903 జూనులో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనువాడు ఇండియానా రాష్ట్రపు సంతమైదానమున మైలు దూరమును నిమిషములోపల చుట్టివచ్చెను. అతడు మొదట సైకిలు పందెగాడు. అంతకుముందు గుండ్రని బాటమీద అంత వేగమున ఎవడును కారు తోలియుండలేదు. అతని బండికి పైకప్పు లేదు, నడుమునకు పటకా లేదు, తలకు రక్షణ లేదు. ఎత్తైన పీటపై కూర్చుండి, చుక్కాని పట్టుకొని వ్రేలాడుటయే పని.

ఆ మొదటి బండ్లు మొరటువి. వానికి సొంపు కూర్చినవారు కాలిఫోర్నియాలోని పనివాండ్రు. లాస్ ఏంజెలెస్ నగరమున హారీ మిల్లర్ అను యంత్రకారుడు పందెములకే తగిన యింజనులు పోతపోయించెను. అతని కర్మశాలలో ఫ్రెడ్ ఆఫెన్‌హౌజర్ అనువాడు లేతుమీద పనిచేయువాడు. 1933 లో ఆ కర్మశాల దివాలా తీయగా, పనివాడైన ఆఫెన్‌హౌజరే యంత్రములను చేపట్టి, నాలుగు సిలిండర్ల యింజనును తన పేర చేయసాగెను. 1935 మొదలు 1976 వరకు ఇండియానాపొలిస్ నగరమున జరుగు ఐదువందల మైళ్ళ మహాపందెమున ఆ యింజను పలుమారులు గెలిచినది. చిన్నవూళ్ళ మట్టిబాటలమీదను చాలకాలము దానిదే రాజ్యము.

ఈ కారు నడుచు విధమును రైతు సులభముగా గ్రహింపగలడు. అది ఎప్పుడును ఎడమవైపే తిరుగును. కళ్ళములో నూర్పిడివేళ ఎడ్లను బంతికట్టి త్రిప్పునపుడు, మేటిదగ్గరి యెద్దు కొద్దిగా నడచిన చాలును. వెలుపలి యెద్దు మాత్రము వడిగా, ఎక్కువదూరము నడువవలెను. కావున బలమైనదానిని వెలుపల కట్టుదురు. స్ప్రింట్ కారులోను వెలుపలిదగు కుడి వెనుకచక్రము లోపలి చక్రముకంటె పెద్దదిగా నుండును. రెండుచక్రములును ఒకే యిరుసునకు బిగింపబడియుండుటచే, గరాటును నేలపై దొర్లించిన ఎట్లు తనంతట ఒకప్రక్కకు తిరుగునో, బండియు అట్లే ఎడమకు తిరుగజూచును. మలుపులో వెనుకభాగము మట్టిలో జారుచుండగా, తోలువాడు ముందుచక్రములను కుడివైపునకు త్రిప్పి పట్టును. బండి ఎడమకు పోవుచుండ చక్రములు కుడికి చూచుచుండును. చూచువారికి వింత, తోలువానికి నిత్యకృత్యము.

ఈ కారునకు తనంతట కదలుటకు మీట లేదు, గేర్లపెట్టె లేదు. వెనుకనుండి మరియొక బండి నెట్టిననే యింజను మేలుకొనును. పెట్రోలునకు బదులు మెథనాలు అను సారాయివంటి ద్రవమును త్రాగును. మనవారు ఎడ్లను పళ్ళనుబట్టి విభజించినట్లే, వారు కార్లను యింజను కొలతనుబట్టి విభజింతురు. నేటి పెద్దతరగతి యింజను కొలత 410 ఘనపు అంగుళములు, అనగా 6.7 లీటర్లు. దాని బలము ఇంచుమించు 900 అశ్వశక్తి. తోలువానితో కూడ బండి బరువు సుమారు 635 కిలోలు మాత్రమే. అట్టి బండి అరమైలు బాటను ఇంచుమించు 15 సెకండ్లలో చుట్టివచ్చును. 1958 లో ఒహాయో రాష్ట్రమున జిమ్ కుష్మన్ అను పందెగాడు కారుమీద పెద్దరేకును రెక్కవలె బిగించెను. విమానపు రెక్క గాలిచేత పైకిలేచును. ఇది తలక్రిందుగా నమర్చినది గావున గాలిచేత బండి నేలకు అదుముకొనును. తరువాత ఆ రెక్క ఈ కార్లకు గుర్తుగా నిలిచినది.

ఇంతవరకు బండి సంగతి. ఇక తోలినవారి సంగతి చెప్పవలెను.

రెక్స్ మేస్ అనువాడు కాలిఫోర్నియావాడు. 1940, 1941 సంవత్సరములలో అమెరికా జాతీయ విజేత. 1948 లో మిల్వాకీ నగరమున పందెము జరుగుచుండగా, ముందుపోవుచున్న డ్యూక్ డిన్స్‌మోర్ అను పందెగాడు బండినుండి విసరివేయబడి బాటనడుమ పడెను. వెనుక వచ్చుచున్న మేస్ అతనిమీదుగా బండి పోనీయక, గెలుపును వదలి, తన బండిని తానే గోడకు గ్రుద్దించుకొనెను. డిన్స్‌మోర్ బ్రతికెను. మరుసటి యేడు, 1949 నవంబరు 6 న, కాలిఫోర్నియాలోని డెల్ మార్ గుఱ్ఱపు బాటమీద మేస్ బండి బోల్తాపడినది. అతడు నడుమునకు పటకా కట్టుకొనలేదు. బాటమీదికి విసరివేయబడగా, వెనుకవచ్చు బండి అతనిని త్రొక్కినది. ఒకని ప్రాణమును ఎట్లు కాచెనో, తన ప్రాణము అట్లు దక్కలేదు.

ఆ కాలపు పందెగాండ్రు పలువురు పటకా కట్టుకొనకుండుటకు కారణము మూర్ఖత కాదు. బండి మంటలలో చిక్కినచో, బోర్లపడినచో, కట్టుబడి చచ్చుటకంటె దూరముగ ఎగిరిపడుట మేలని వారి నమ్మకము. పైన కప్పులేని బండిలో ఆ నమ్మకమునకు కొంత హేతువును కలదు. కాని కుమ్మరి కుండలను బండిలో ఎట్లు తెచ్చునో తలచుకొనుడు. గడ్డి కూరి, త్రాళ్ళతో బిగించి తెచ్చును. బండి గోతిలో పడినను కుండ బండితోనే కదలును గాని పగులదు. వదులుగా పెట్టిన కుండ ఎగిరి పడి ముక్కలగును. మనిషి తలయు అట్టి కుండయే.

అయితే పటకా యొక్కటియే చాలదు. 1955 లో ఇండియానాపొలిస్ మహాపందెము గెలిచిన బాబ్ స్వైకర్ట్ మరుసటి యేడే సేలమ్ అను చిన్నవూరి బాటమీద స్ప్రింట్ కారు తోలుచు మరణించెను. 1966 నవంబరులో లాస్ ఏంజెలెస్ దగ్గర ఆస్కట్ బాటమీద ఒకే పందెమున డాన్ బ్రాన్సన్, డిక్ అట్కిన్స్ అను ఇరువురు పోయిరి. తోలువాని తలపై ఏ అడ్డును లేక బండి బోర్లపడిన, బరువంతయు తలమీదనే పడును. దీనికి మందుగా ఇనుపగొట్టములతో తోలువానిచుట్టు పంజరము కట్టు పద్ధతి వచ్చినది. కోడిపిల్లలమీద గంప బోర్లించినట్లు అది మనిషిని కాచును. మొదట దీనిని పిరికితనమని నవ్వినవారు కలరు. 1970 తరువాతి యేండ్లలో నియమములే దానిని తప్పనిసరి చేసినవి. గంప, పటకా, గట్టి హెల్మెట్టు, అగ్నికి తాళు దుస్తులు, ఈ నాలుగును కూడిన పిదప పందెగాడు బహుకాలము బ్రతికి పందెము తోలుట సాధ్యమైనది. 1978 లో వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ అను పేర దేశమంతట తిరుగు పందెముల వరుస ఏర్పడినది. అందు స్టీవ్ కిన్సర్ అనువాడు 20 మారులు విజేతయయ్యెను. రెక్స్ మేస్‌నకు లభింపని దీర్ఘాయువు ఇతనికి లభించుటకు పంజరమును పటకాయును ముఖ్యకారణములు.

అయోవా రాష్ట్రమున నాక్స్‌విల్ అను చిన్నపట్టణమున 1961 మొదలు సాధారణముగా ఆగస్టునందు ఈ కార్ల మహాపందెము జరుగుచున్నది. అదియు సంతమైదానమే. ఆ బాట ప్రక్కనే పాతకార్లను కాపాడు ప్రదర్శనశాల కలదు. ఆ పాతబండ్లను నేటి బండ్లను వరుసగా పెట్టిచూచిన, మనిషి తల నానాటికి ఎట్లు భద్రమైనదో కన్నులకు కట్టును.

మన దేశమున మట్టిబాట స్ప్రింట్ కార్లు వేళ్ళూనలేదు. కాని కార్ల పందెము మనకు దూరమైనది కాదు. నెల్లూరునుండి మద్రాసుకు పోవు బాటలో షోళవరము అను ఊరు కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచ్చట విమానములు దిగుటకు వేసిన బాటమీద, 1953 లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు పందెములు నడిపిరి. ఆ రోజులలో పందెపు కారు సంస్థానాధీశులకును సంపన్నులకునే అందుబాటులో నుండెను. 1990 లో శ్రీపెరుంబుదూరుదగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందెమునకే తగిన బాట వేసిరి.

విజయనగరరాజుల కాలమునుండి అరవదేశమునకు తరలిపోయి, ఇంట తెలుగు మాటలాడు నాయుడు కుటుంబములు కోయంబత్తూరు ప్రాంతమున చాల కలవు. బస్సులు నడిపి, యంత్రములు కనిపెట్టిన జి.డి. నాయుడుగారు ఆ సమూహమువారే. లక్ష్మీ మిల్లు కుటుంబమున 1954 లో పుట్టిన ఎస్. కరివర్ధన్‌గారును ఆ ఊరివారే. ఆయన స్వయముగా పందెములు తోలుచు, పందెపు కార్లను తన కర్మశాలలో కట్టించెను. 1988 లో మన వీధులలో తిరుగు మారుతి 800 యింజనునే తీసికొని, ఒక్కరు కూర్చుండు చిన్నపందెపు కారును తయారుచేసెను. దానినే ఫార్ములా మారుతి యనిరి. విదేశపు కారు కొనలేని కుఱ్ఱవాండ్రకు అది పలకబలపము వంటిది. కోయంబత్తూరి కుఱ్ఱవాడు నారాయణ్ కార్తికేయన్ ఆ కారులోనే తొలిపాఠములు నేర్చి, 2005 లో ఫార్ములా వన్ మహాపందెములలో తోలిన మొదటి భారతీయుడయ్యెను. కరివర్ధన్‌గారు ఆ దినము చూడలేదు. 1995 లో విమానప్రమాదమున మరణించిరి. కోయంబత్తూరుదగ్గర చెట్టిపాళయమున ఆయన పేర కరి మోటారు స్పీడ్‌వే యను పందెపుబాట నేడు కలదు.

ఆయన చేసిన మేలు కారు ఒక్కటియే కాదు. వేగము కోరు కుఱ్ఱవానికి ఒక బండిని, ఒక బాటను, ఒక నియమమును చూపుటయే పెద్దమేలు. పందెపుబాటలో ఎదురుబండి రాదు, గేదె అడ్డము రాదు, మోరీగోడ యుండదు. వైద్యుడును మంటలార్పువాడును సిద్ధముగ నుందురు. గిద్దలూరు, కంభము మీదుగా పోవు పెద్దబాటలో ఇవేవియు లేవు. నా మేనల్లుని ప్రశ్నకు జవాబు ఇదియే. ఆ పందెగాండ్రు వానికంటె ధీరులు కారు. వారికంటె ముందు పోయినవారి చావులనుండి నేర్చిన రక్షణ వారి మేనిపై నున్నది. వాని మేనిపై లేకపోయినది.

పెద్దలారా, కుఱ్ఱవాండ్రకు వేగముమీది మోజు తప్పు కాదు. మనమును కోడెలను తరిమినవారమే. బండలాగుడు బరికి కంచె వేసి, జనమును వెలుపల నిలిపి, తరగతి చూచి కాడి కట్టించు పెద్దలు మీరే గదా. ఆ శ్రద్ధనే ఇంటిముందరి మోటారు సైకిలుమీదను చూపుడని నా మనవి. బండి తాళపుచెవి యిచ్చునప్పుడు హెల్మెట్టు కూడ చేతికిచ్చుడు.

మా వాడు మరల దుకాణము తెరచినాడు. కాలు ఈడ్చుచునే పనిచేయుచున్నాడు. బాగుచేసిన బండిని తీసికొనిపోవచ్చిన ప్రతి కుఱ్ఱవానిని, కూలి అడుగుటకు ముందు, "నీ హెల్మెట్టు ఏదిరా?" అని అడుగుచున్నాడు. లేదన్నవానికి ఆ పూట బండి ఇయ్యడు. బేరము కొంత తగ్గినదని వాని తల్లి నాతో చెప్పినది. తగ్గిననేమి యని నేనంటిని.