పట్టాలో పేరెవరిది?

1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో భూమిలేని దళితులు వినోబాభావే గారిని సాగునేల యడుగఁగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు దానమొసఁగిరి. భూదానోద్యమ మట్లు పుట్టినది.

ఇప్పు డా యూరి రైతులకుఁ బ్రభుత్వసాయమును నేల లెక్కననే వచ్చుచున్నది. 2018లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు క్రింద పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయలు పెట్టుబడి నిచ్చెను. 2019లో నది 5,000, 2025లో రైతుభరోసా పేర 6,000 అయినది. కాని యా సొమ్ము చేరినది పట్టాదారునకే. నాటువేసి, కలుపుతీసి, పత్తి యేఱిన యిల్లాలికిఁ బట్టాలో పేరు లేనిచో దమ్మిడీయు రాలేదు, కౌలుదారునకును రాలేదు.

నాఁడు పోచంపల్లి పేదలు నోరువిప్పి యడిగిరి కనుకనే నేల లభించినది. 2005 నాటి చట్టసవరణము హిందూ కుటుంబముల యాస్తిలో కూఁతురికిఁ గొడుకుతో సమానమైన హక్కు నిచ్చినది. మీకు రావలసిన భూమి మీ పేర వ్రాయఁబడినదా? పాసుపుస్తకము నొక్కమారు విప్పి చూడుఁడు.