జానెడు స్పానర్... మొండి నట్టు

డ్రైవింగ్ స్కూలు పెట్టాలంటే గదిలో ఏమేం ఉండాలో కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 24వ నిబంధన ఓ సామాన్ల చిట్టా ఇస్తుంది. నల్లబల్ల, ట్రాఫిక్ గుర్తుల చార్టు, చూపించి చెప్పడానికి గేరుబాక్సు, బ్రేకు షూ, డ్రమ్ములు, నేర్చుకునేవాళ్లు కూర్చోవడానికి బెంచీలు. అదే వరుసలో ఇంకో పద్దు కనిపిస్తుంది: పంక్చర్ కిట్టు, టైరు లివరు, వీల్ బ్రేస్, జాకీ, గాలి కొలిచే గేజి.

పాఠం చెప్పే మనిషికీ షరతులున్నాయి. పదో తరగతి పాసై ఉండాలి, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి, మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్టు కూడా ఉండాలి. సిలబస్‌లో వాహన యంత్రాంగం, మరమ్మతుల మీద ఓ భాగమే ఉంది. సొంత కారు కోసం నేర్చుకునేవాళ్లకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలైనా స్టీరింగు పట్టించాలి. ఇంత జాగ్రత్తగా రాసిన ఆ నిబంధనల్నే కాస్త వెనక్కి తిప్పి 15వ నిబంధన దగ్గర ఆగితే లైసెన్సు పరీక్షలో ఏమేం చేసి చూపాలో ఉంటుంది. అద్దం సరిచేసుకోవాలి, గేర్లు మార్చాలి, ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించాలి, వెనక్కి నడపాలి. టైరు మార్చే ఊసు మాత్రం ఎక్కడా లేదు. స్కూల్లో జాకీ ఉండి తీరాలి, పరీక్షలో దాని అవసరం రాదు. పరీక్షలో రాని పాఠానికి మన దగ్గర ఏ గతి పడుతుందో ఇంటర్ చదివిన ఎవరినడిగినా చెబుతారు.

ఈ కథనానికి డెస్కు ఇచ్చిన పని ఇంకొకటి. వేసవి సెలవుల్లో కుటుంబాలు కార్లేసుకుని ఊళ్లకు బయల్దేరే వారానికి ‘టైరు మార్చడం చేతకాని తరం’ అని ఓ ముఖచిత్ర కథనం కావాలన్నారు, శుక్రవారానికల్లా. శీర్షికలోనే తీర్పు వచ్చేసింది. కుర్రాళ్లకు ఫోను తప్ప ఏదీ రాదు, మా నాన్నల కాలంలో అయితేనా అనే వరస. తీరా పని మొదలుపెట్టాక ఆ తీర్పు నిలబడేలా కనిపించలేదు. తప్పెక్కడుందో వెతుకుతూ పోతే దారి కుర్రాళ్ల దగ్గరికి వెళ్లలేదు. ఓ నట్టు దగ్గర ఆగింది.

కారుతో వచ్చే మాన్యువల్‌లో టైరు మార్చే పేజీ ఒకటుంటుంది. బండి కొన్నవాళ్లు సాధారణంగా తెరవని పేజీ అది. గట్టి నేల మీద, చదునుగా ఉన్నచోట ఆపమంటుంది. హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో పెట్టి, ఊడదీసే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రం కింద అడ్డు పెట్టమంటుంది. ఆ తర్వాత అసలు సంగతి: జాకీ ఎత్తకముందే నట్లను కాస్త వదులు చేసుకోవాలి. చక్రం గాల్లోకి లేచాక నట్టు తిప్పబోతే నట్టుతోపాటు చక్రమూ తిరుగుతుంది. బండి జాకీ మీద నుంచి జారే ప్రమాదమూ ఉంది. నేల మీదున్నప్పుడు కారు బరువే చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఈ ఒక్క వరస గుర్తుంటే మిగతాది పెద్ద విద్యేం కాదు.

చిక్కు వచ్చేది అక్కడే. ఆ పేజీ చెప్పినట్టే స్పానర్ పెట్టి, బలమంతా పెట్టి తొక్కినా నట్టు కదలదు.

ఎందుకు కదలదో చూడాలంటే కొంచెం లెక్క వేయాలి. మనం వాడే చిన్న, మధ్యతరహా కార్లలో చక్రాల నట్లు ఎంత బిగించాలో మాన్యువల్ అంకెల్లోనే చెబుతుంది. చాలావాటిలో అది 85 నుంచి 125 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. వంద అనుకుందాం. డిక్కీలో ఇచ్చే వీల్ స్పానర్ పొడవు జానెడు, లేదంటే మరో రెండు వేళ్లు. పాతిక సెంటీమీటర్లు అనుకుంటే, దాని కొసన నలభై కిలోల బరువు మోపితే వంద న్యూటన్ మీటర్లు వస్తాయి. చేత్తో కష్టం, కాలితో తొక్కితే అయిపోతుంది. అంటే కంపెనీ చెప్పినంతే బిగించి ఉంటే, కంపెనీ ఇచ్చిన స్పానర్‌తోనే నట్టు ఊడుతుంది. నట్టుకూ స్పానర్‌కూ పొత్తు కుదిరింది.

ఇప్పుడు మధ్యలోకి ఎయిర్ గన్ వచ్చింది. టైర్ల షాపులో, అలైన్‌మెంటు చేసేచోట, సర్వీసు సెంటర్లో బుర్రుమంటూ నట్లు తిప్పేసే ఆ తుపాకీలాంటి పనిముట్టు. అర అంగుళం గన్లలో 500 న్యూటన్ మీటర్లు దాటి తిప్పగలిగేవి మామూలే. పద్ధతి ప్రకారం గన్నుతో పైపైన బిగించి, చివరి బిగింపు టార్క్ రెంచితో అంకె చూసుకుని చేయాలి. రోజుకు ఇరవై బండ్లు చూసే షాపులో అంత ఓపిక ఎవరికుంటుంది? నట్టు ఇక తిరగనని మొరాయించేదాకా గన్ను నొక్కుతారు. నట్టు వదులై చక్రం ఊడిందన్న మాట రాకూడదని ఇంకో రెండు దెబ్బలు అదనం.

అలా 250 దాకా బిగిసిందనుకోండి. అదే జానెడు స్పానర్ కొసన ఇప్పుడు వంద కిలోలు మోపాలి. అరవై కిలోల మనిషి రెండు కాళ్లతో ఎక్కి నిలబడినా వచ్చేది 150 న్యూటన్ మీటర్లకు లోపే. నట్టు ఉలకదు, పలకదు. పైన తుప్పు కూడా ఉంటే చెప్పేదేముంది. విశాఖ, కాకినాడ ఉప్పుగాలికి ఏళ్ల తరబడి తిరిగిన బండ్లలో ఆ తుప్పూ తన వంతు వేస్తుంది. రోడ్డు పక్కన చెమటలు కక్కుతూ స్పానర్ మీద గెంతుతున్న మనిషిని చూసి ‘ఈ కాలం వాళ్లకు చేతకాదు’ అనేస్తున్నాం. అక్కడ ఓడిపోతున్నది అతను ఒక్కడే, అవతల ఉన్నది ఓ కంప్రెసరు.

విరుగుడు చవకైనదే. ఓ అర మీటరు పొడుగు కడ్డీ ఉన్న స్పానరో, ఉన్న స్పానర్‌కు తొడిగే ఇనప గొట్టమో డిక్కీలో పడేసుకోవడం. కొస నట్టుకు అర మీటరు దూరంలో ఉంటే వంద న్యూటన్ మీటర్లకు ఇరవై కిలోలు చాలు. అపార్టుమెంట్లలో నీళ్ల క్యాను మోసేవాళ్లెవరికైనా ఆ బరువు అలవాటే. ‘ఆడవాళ్ల వల్ల ఎక్కడవుతుంది’ అనే మాటకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు. లారీ డ్రైవర్లు ఇది ఏనాడో కనిపెట్టారు. క్యాబిన్‌లో సీటు వెనక పొడుగాటి గొట్టం లేని పాత లారీ అరుదు. గొట్టం వాడేది విప్పడానికే. బిగించేటప్పుడు కూడా అదే తొడిగి తొక్కితే షాపువాడు చేసిన పనే మనమూ చేసినట్టు. మితిమీరి బిగిస్తే బోల్టు సాగుతుంది, బ్రేకు డిస్కు వంకరపోవచ్చు.

ఇంకో చవక పని: టైర్ల షాపులో బండి దించాక, మన డిక్కీలోని స్పానర్‌నే బయటికి తీసి ఒక్కో నట్టునూ అక్కడే వదులు చేసి మళ్లీ బిగించమని అడగడం. షాపువాడు విసుక్కుంటాడు. అడగాల్సిందే.

మరి చరిత్ర? గబగబా చెప్పుకుందాం. గాలి టైరుకు 1888లో డన్‌లప్ పేటెంటు పుచ్చుకున్నాడు. 1895లో మిషలాన్ సోదరులు పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగొచ్చే రేసులో కారుకు గాలి టైర్లు తొడిగి దిగారు, దారిపొడవునా పంక్చర్లే. 1904లో వేల్స్‌లోని లానెల్లీ ఊళ్లో డేవిస్ సోదరులు పంక్చరైన చక్రానికి పక్కనే తగిలించే అదనపు చక్రం తయారుచేశారు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ. ఇంగ్లండులో ఆ పేరు మరుగున పడింది, మన లారీ షెడ్డుల్లో ఇంకా బతికే ఉంది. 1947లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ ట్యూబు లేని టైరు చూపించింది. మన కార్లలోకి అది మామూలుగా రావడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది.

‘నాన్నల కాలం’ గొప్పలో కొంత నిజముంది, అయితే ఆ గొప్పలో సగం బండిదే. బజాజ్ చేతక్‌కు ముందూ వెనకా ఒకే కొలత చక్రాలు, పది అంగుళాలవి. వెంట అదే కొలతలో స్టెప్నీ. బండిని పక్కకు వంచి, స్పానర్‌తో నట్లు తిప్పుకుంటే ఆఫీసు వేళకు చేరుకోవచ్చు. అది ఇంట్లో పిల్లలు కూడా చూస్తూ నేర్చుకున్న పని. తర్వాత వచ్చిన స్కూటర్లలో స్టెప్నీ పోయింది, ట్యూబ్‌లెస్ వచ్చింది. మేకు గుచ్చుకున్నా మెల్లగా పంక్చర్ షాపు దాకా పోనివ్వొచ్చు. అవసరం పోయినచోట చేతి ఒడుపు పోయిందని ఎవరిని తప్పుపట్టాలి?

కార్లలోనూ అదే జరుగుతోంది, ఈసారి ప్రభుత్వ అనుమతితోనే. 2020 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధనలు సవరించింది. డ్రైవరు కాక ఎనిమిది మందికి మించని, 3.5 టన్నుల లోపు బండ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, మరమ్మతు కిట్టు ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదంది. మిగిలే చోటు విద్యుత్ కార్లలో పెద్ద బ్యాటరీకి పనికొస్తుందని కూడా చెప్పింది. అమెరికాలో అయితే 2015 మోడల్ కొత్త కార్లలో మూడో వంతుకు పైగా స్టెప్నీ లేకుండానే వచ్చాయని అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ లెక్క తేల్చింది.

కిట్టు అంటే ఓ సీసాడు జిగురు ద్రవం, సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు. మేకు దిగిన చిన్న రంధ్రానికి పనిచేస్తుంది. గుంతలో పడి టైరు పక్క గోడ చీలితే మాత్రం ఆ సీసా ఒలకబోసి లాభం లేదు. మన రోడ్ల మీద ఎక్కువ భయం దేనికో రాత్రిపూట వానలో నడిపిన వాళ్లకు వేరే చెప్పాలా! ఈ సవరణను అందరూ మెచ్చుకున్నంతగా ఈ కథనం మెచ్చుకోలేకపోతోంది.

మాన్యువల్ చెప్పే ‘గట్టి, చదునైన నేల’ కూడా దొరకాలి కదా. రోహిణి కార్తెలో మెత్తబడ్డ తారు మీద జాకీ అడుగు దిగబడుతుంది. రోడ్డు అంచు దిగితే మట్టి, వాలు. జాకీ కింద పెట్టడానికి ఓ చెక్కముక్క ఉంచుకోవడం పాత టాక్సీ డ్రైవర్ల అలవాటు. జాకీ ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. తలుపు కింద అంచు వెంబడి చేత్తో తడిమితే రెండు నొక్కులు తగులుతాయి, వాటి మధ్యే. ఆ తర్వాత బండి కిందికి చెయ్యి తప్ప ఒళ్లు పెట్టకూడదు.

అన్నిచోట్లా సొంతంగా మార్చుకోవాలని పట్టుబట్టడం కూడా మూర్ఖత్వమే. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. అక్కడ బండ్లు దూసుకుపోయే వైపు చక్రానికి పంక్చరైతే వీపు ట్రాఫిక్‌కు పెట్టి కూర్చోవడం సాహసం కాదు, ప్రాణాపాయం. చక్రం రిమ్ము పాడైనా సరే, మెల్లగా ఎడమ అంచుకు, వీలైతే దిగే దారి దాకా పోనివ్వడం మేలు. రిమ్ము మళ్లీ కొనుక్కోవచ్చు. జాతీయ రహదారుల మీద, అంటే విజయవాడ వెళ్లే 65 మీదైనా, చెన్నై-కోల్‌కతా 16 మీదైనా, 1033 నంబరు రాత్రింబవళ్లు పలికేందుకే ఉంది. టోలు కట్టినవాళ్లంతా దాన్ని ఫోనులో రాసుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఓ యువ పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి తీసి, సాయం చేస్తామంటూ దగ్గరికి వచ్చి ఆమెను బలిగొన్నారని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత ఈ ప్రాంతంలో చీకటిపడ్డాక పంక్చర్ అన్న మాట వినిపించే తీరే మారిపోయింది. ఒంటరిగా ఉన్నచోట తలుపులు బిగించుకుని 112కు ఫోను చేసేవాళ్లను టైరు మార్చడం రాదని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. టైరు మార్చడం వచ్చి ఉండటం వేరు, ఆ చోట ఆ వేళకు కిందికి దిగడం వేరు.

మూడు చక్రాలవాడి ఒడుపు

జాకీ అవసరమే లేనివాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. ఆటోకు పంక్చరైతే డ్రైవరు భుజం ఆనించి బండిని ఓ పక్కకు ఎత్తుతాడు, స్టాండులో ఉన్న ఇంకో డ్రైవరు కింద రాయి తోస్తాడు. మామూలు ఆటోకు మూడు చక్రాలూ ఒకే కొలత కాబట్టి ఒక్క స్టెప్నీ మూడింటికీ సరిపోతుంది. ఎక్కినవాళ్లు దిగి నిలబడి, ఫోనులో రెండు మెసేజీలు చూసుకునేలోపు బండి మళ్లీ సిద్ధం. చేతకాని తరం గురించి రాయాలనుకునేవాళ్లు ముందు ఆటో స్టాండుకు వెళ్లాలి. అక్కడ ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు ఎంతమందో!

సెకన్లూ, యువరాణీ

2023 ఖతార్ గ్రాండ్ ప్రీలో మెక్‌లారెన్ బృందం లాండో నోరిస్ కారుకు నాలుగు టైర్లూ 1.80 సెకన్లలో మార్చింది. ఫార్ములా వన్ కారు చక్రానికి మధ్యలో ఒకే ఒక్క నట్టు, చుట్టూ ఇరవై మంది దాకా మనుషులు. మన డిక్కీలోని స్పానర్‌తో పోలిక పెట్టుకుని చిన్నబుచ్చుకోవక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో, తర్వాత ఎలిజబెత్ రాణి అయిన యువరాణి మహిళా సహాయక దళంలో చేరి డ్రైవరుగా, మెకానిక్‌గా శిక్షణ పొందింది. చక్రాలు విప్పడం అందులో ఓ పాఠం.

బ్రిటన్‌లో ‘చెప్పండి’ అంటారు

అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు లైసెన్సుకు వెళ్తే, బండి కదలకముందే ఓ ‘చెప్పండి’ ప్రశ్న, నడుపుతుండగా ఓ ‘చూపండి’ ప్రశ్న ఎదురవుతాయి. టైరులో ఎంత గాలి ఉండాలో ఎక్కడ చూస్తారు, టైరు గాడి లోతు సరిపోతుందో లేదో ఎలా కనుక్కుంటారు అన్నవి అడిగే వాటిలో ఉన్నాయి. గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది జవాబు. టైరు మార్చి చూపమని అక్కడా అడగరు.

సన్న స్టెప్నీ ఉంటే

కొత్త కార్లలో చాలావాటికి స్టెప్నీ మిగతా నాలుగింటికంటే సన్నగా వస్తోంది. దాని మీద 80 అని స్టిక్కరు ఉంటుంది. ఆ వేగం దాటకుండా పంక్చర్ షాపు దాకా చేర్చడానికే అది. అలాంటి వాటిలో చాలావాటికి మామూలు టైరుకు దాదాపు రెట్టింపు, 60 పీఎస్ఐ గాలి కావాలి. నెలకోసారి నాలుగు టైర్లకూ గాలి పట్టించేటప్పుడు డిక్కీ తెరిచి అయిదోదానికీ పట్టమని పెట్రోలు బంకులో అడగాలి. మిశ్రమ లోహపు చక్రాలకు దొంగలు తీయకుండా వేసే ప్రత్యేక నట్టు ఉంటే, దాని తాళంలాంటి సాకెట్టు కూడా డిక్కీలోనే ఉందో లేదో ఆ చేత్తోనే చూసుకోవచ్చు. సర్వీసుకిచ్చిన చోట మర్చిపోయి వచ్చే సామాన్లలో అది ముందుంటుంది.