కలిపిందీ ఒక్క ఓటే, విడదీసిందీ ఒక్క ఓటే

‘ఒకే దేశం, ఒకే ఎన్నిక’ టాపిక్ వస్తే మన హాస్టల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఖర్చు తగ్గుద్ది, మంచిదే కదా". రెండోది, "రాష్ట్రాల్ని ఎవరూ పట్టించుకోరు ఇక". ఈ గొడవలో ఒక సంగతి మర్చిపోతున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో మనం ఇప్పటికే అలాగే ఓటేస్తున్నాం. 1999, 2004, 2009, 2014, 2019, 2024: వరసగా ఆరుసార్లు లోక్‌సభకీ, అసెంబ్లీకీ కలిపే ఎన్నికలు జరిగాయి. 2024 మే 13న మా మురమళ్ళలో కూడా అంతే, రెండు ఓట్లు. తెల్ల బ్యాలెట్ ఎంపీకి, గులాబీ బ్యాలెట్ ఎమ్మెల్యేకి.

ఇది ఏ చట్టం వల్ల వచ్చిందా అని వెతికితే, అలాంటి చట్టమే లేదు. ఒక్క ఓటు తేడాతో ఒక ప్రభుత్వం పడిపోవడం వల్ల వచ్చింది. ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మా మండలం మనిషే.

ఎదుర్లంక నుంచి ఢిల్లీకి

మురమళ్ళ ఐ.పోలవరం మండలంలో ఉంది. అసెంబ్లీకి ముమ్మిడివరం, లోక్‌సభకి అమలాపురం నియోజకవర్గం. ఇదే మండలంలోని ఎదుర్లంక జి.ఎం.సి. బాలయోగి గారి సొంతూరు. ఆయన 1991లో అమలాపురం ఎంపీగా గెలిచారు, 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రి అయ్యారు. 1998లో మళ్ళీ ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. అంటే 1994 డిసెంబర్ అసెంబ్లీ ఎన్నికల నుంచి 1999 వరకూ మా ఊరి పెద్దవాళ్ళు ఎన్నిసార్లు లైన్లో నిలబడ్డారో చూడండి. అసెంబ్లీకి, లోక్‌సభకి, ఉపఎన్నికకి, మళ్ళీ లోక్‌సభకి, మళ్ళీ రెండింటికీ. "మాటిమాటికీ ఎన్నికలేనా" అన్న విసుగు ఊరికే పుట్టలేదు.

1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో 269–270తో ఓడిపోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఓటు వెయ్యాలా వద్దా అన్నది స్పీకర్ బాలయోగి ఆయన విచక్షణకే వదిలేశారు. గమాంగ్ వేశారు. లోక్‌సభ రద్దయింది. మన అసెంబ్లీ గడువు కూడా దగ్గరపడటంతో ఆ ఏడాది సెప్టెంబర్‌లో రెండు ఎన్నికలూ కలిపి పెట్టారు. 2003 నవంబర్‌లో చంద్రబాబు అసెంబ్లీని ముందే రద్దు చేస్తే, 2004 ఫిబ్రవరిలో లోక్‌సభ కూడా ముందే రద్దయింది. మళ్ళీ కలిశాయి. ఇదంతా ఎవరో ప్లాన్ చేసిన సింక్ కాదు.

1957లో మాకు ఒక్క ఓటే

1952 నుంచి 1967 దాకా దేశమంతా ఒకేసారి ఓటేసిందని చాలా చోట్ల రాస్తారు. కోనసీమకి ఆ మాట సరిపోదు. 1954 నవంబర్‌లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో అవిశ్వాస తీర్మానం మీద పడిపోయింది. అది కూడా ఒక్క ఓటు తేడాతోనే. 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ సభ్యులే కొనసాగారు. అందుకే 1957లో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణ ప్రాంతానికి మాత్రమే జరిగాయి. మన జిల్లాలు పార్లమెంటుకే ఓటేశాయి.

1962, 1967లో రెండూ కలిశాయి. ఇందిరాగాంధీ లోక్‌సభని ముందే రద్దు చేయడంతో 1971లో పార్లమెంటు ఎన్నికలు, 1972లో అసెంబ్లీ ఎన్నికలు అయ్యాయి. 1989లో ఒకసారి కలిసి, 1991లో మళ్ళీ విడిపోయాయి. ఈ చరిత్రలో నాకు కనిపించింది ఒకటే: రెండు ఎన్నికల్ని ఒక రోజున కలపడం తేలిక. మధ్యలో ఒక ప్రభుత్వం పడిపోతే ఏం చేస్తాం అన్నదే కష్టం.

బిల్లు చెప్పే జవాబు

2024 డిసెంబర్ 17న లోక్‌సభలో 129వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. రామ్‌నాథ్ కోవింద్ కమిటీ సిఫార్సుల మీద తయారైంది. ప్రవేశపెట్టడానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. (1999లో వాజపేయికి వచ్చిందీ 269 ఓట్లే!) ప్రవేశపెట్టడానికి సాధారణ మెజారిటీ చాలు. పాస్ అవ్వాలంటే ఓటేసినవాళ్ళలో మూడింట రెండు వంతులు కావాలి, ఆ రోజు లెక్కన 312. బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్ళింది.

అందులో అసలు పాయింట్ ఇది. లోక్‌సభతో పాటే అసెంబ్లీల గడువూ ముగుస్తుంది. మధ్యలో ఏ సభ రద్దయినా ఎన్నిక పెడతారు, కానీ కొత్త సభకి ఐదేళ్ళు ఉండవు, పాత సభకి మిగిలిన కాలమే. ప్రకాశం గారి కాలానికి ఈ రూల్ పెట్టి చూడండి. 1955లో ఓటేసిన జనం 1957లో అసెంబ్లీకి మళ్ళీ ఓటెయ్యాలి. అంటే ఒక ఎన్నిక పెరిగినట్టే. ఎలాగూ కొద్దికాలమే కాబట్టి ప్రభుత్వాల్ని పడగొట్టే ఆశ తగ్గుద్దని సమర్థించేవాళ్ళు అంటారు. అది కొట్టిపారేసే వాదన కాదు. కానీ ఏడాది కోసం ఎన్నికైన ప్రభుత్వం ఏం మొదలుపెడుతుంది, ఏం పూర్తి చేస్తుంది?

వంతెన అవతల

ఎదుర్లంక దగ్గర గౌతమి మీద ఉన్న బాలయోగి వారధి దాటితే యానాం. భాష మనదే, కానీ అది పుదుచ్చేరి. వాళ్ళు అసెంబ్లీకి 2021 ఏప్రిల్ 6న, లోక్‌సభకి 2024 ఏప్రిల్ 19న ఓటేశారు. 2021లో పుదుచ్చేరి మాజీ ముఖ్యమంత్రి రంగసామి యానాంలో కూడా పోటీ చేస్తే, ఆయన్ని కాదని స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్‌ని గెలిపించారు.

తెలంగాణలో కేసీఆర్ 2018లో అసెంబ్లీని ముందే రద్దు చేసి రెండు ఎన్నికల్నీ విడదీశారు. 2018 డిసెంబర్‌లో టీఆర్ఎస్‌కి 119కి 88 సీట్లు వచ్చాయి. నాలుగు నెలల తర్వాత లోక్‌సభలో 17కి 9 మాత్రమే. 2023లో బీజేపీకి అసెంబ్లీలో 8 సీట్లు, ఆరు నెలలు తిరక్కుండా లోక్‌సభలో కూడా 8. మన దగ్గర 2019లో వైసీపీకి 175కి 151, 25కి 22. 2024లో కూటమికి 164, 21. దీనికి చాలా కారణాలు ఉంటాయి, తేదీ ఒక్కటే కాదు. కానీ ఒకే రోజు అడిగితే రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు రాసే అవకాశం ఎక్కువ.

అందువల్ల నష్టం ఏంటి? 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. వరికి గిట్టుబాటు లేదన్నారు, డ్రైన్లు పూడిపోయాయన్నారు. మద్దతు ధర కేంద్రం చేతిలో, డ్రైన్లు రాష్ట్రం చేతిలో. ఇద్దర్నీ విడివిడిగా నిలదీయాలి. ఒకే ప్రచారంలో, ఒకే మైకులో ఎంపీని అడగాల్సిన ప్రశ్న తేలిపోతుంది.

కలిపి పెడితే లాభాలు లేవని కాదు. ఎన్నికల కోడ్‌తో పనులు ఒక్కసారే ఆగుతాయి. టీచర్లకి ఒక్కసారే డ్యూటీ పడుద్ది. హైదరాబాద్ నుంచి ఊరొచ్చి ఓటేసేవాళ్ళకి ఒక్క ట్రిప్పు చాలు. అందుకే ఒకే రోజు ఓటు వెయ్యడానికి నాకు అభ్యంతరం లేదు. అలా కలిస్తే కలవనివ్వండి, ఇన్నాళ్ళూ కలిసినట్టే. నాకు మింగుడుపడనిది మిగిలిన కాలం రూల్. తేదీ చెదరకూడదని ఓటు విలువని ఐదేళ్ళ నుంచి ఏడాదికో, పది నెలలకో కోసేస్తున్నాం.

మనలో చాలామందికి మొదటిసారి ఈ రెండు బ్యాలెట్లూ 2029లో కనిపిస్తాయి. ఈలోగా ఎవరైనా ఈ టాపిక్ ఎత్తితే ఖర్చు లెక్కతో ఆగొద్దు. "మధ్యలో పడిపోతే నా ఓటు ఎన్నాళ్ళకి?" అని అడగండి. ఒక్క ఓటుతో ప్రభుత్వాలు పడిపోవడం మనం ఇప్పటికే రెండుసార్లు చూశాం.